మూడో తీగ దగ్గర ఆగిన చెయ్యి

ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్లలో ఒక్కడికి కూడా గిటార్ వాయించే మేనమామ లేడని నా గట్టి నమ్మకం. ఉంటే ఇలా చేసేవాళ్లు కాదు. స్వరాలు రాసి వినిపించమంటే పియానోని పియానోలాగే వినిపిస్తుంది. వయొలిన్‌కి కమాను పైకా కిందికా అని చెప్పడానికి బటనుంది. డోళ్లకైతే ఇరవై ఏడు బటన్లున్నాయి, లెక్కపెట్టాను. గిటార్‌కి మాత్రం ఏమీ లేదు. ఏ తీగ మీద వాయించాలో చెప్పలేం, చెయ్యి పైనుంచి జారాలో కిందనుంచి రావాలో చెప్పలేం, మోగిన తీగని మోగనివ్వాలో అరచేత్తో అణచాలో చెప్పలేం. ఆరు తీగల మీటు రాస్తే ఆరూ ఒక్కసారే ఠక్కుమంటాయి, గాలికి ఆరు తలుపులు పడ్డట్టు.

దీని గురించి ఆ కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. మీ సూచనకు ధన్యవాదాలు అని మూడుసార్లు జవాబొచ్చింది. మూడోసారి నా పేరు కూడా తప్పు రాశారు.

నా పేరు బఖ్తా. అల్జీరియాలోని ఒరాన్‌లో ఒక సంగీత పాఠశాల ఆఫీసులో పని చేస్తాను. పొద్దున హాజరు పట్టీలు, మధ్యాహ్నం పెళ్లి బృందాలకి స్వరాలు రాసిపెట్టడం. మిగిలిన టైములో సొంతంగా గిటార్ కోసం రచనలు చేసుకుంటాను. గిటార్ వాయించడం మాత్రం నాకు రాదు. నా చిన్నప్పుడు పాఠశాలలో ఖాళీగా ఉండేది పియానో ఒక్కటే, అదే నేర్చుకున్నాను, మనసు మాత్రం పక్క గదిలో గిటార్ దగ్గరుండేది. పదకొండేళ్లలో పద్నాలుగు రచనలు చేశాను. పద్నాలుగింటినీ ఇంతవరకు వాయించింది నా కంప్యూటర్ ఒక్కటే. మనిషి చెయ్యి ఒక్కదాని మీదా పడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, నా బాధంతా అదే.

ఈ వసంతంలో మా ఊరి థియేటర్ వాళ్లు ఒక ప్రకటన వేశారు. ఊరివాళ్లు ఎవరైనా కొత్తగా చేసిన ఒక రచనకి వచ్చే నెల శనివారం కచేరీలో పది నిమిషాలు ఇస్తారట. దరఖాస్తు మీద వాయించే కళాకారుడి సంతకం ఉండాలి. గురువారం ఆఖరు రోజు. నా పద్నాలుగో రచనని వాయించగలవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు, లఖ్దర్ మాస్టారు.

లఖ్దర్ మాస్టారికి అరవై ఆరేళ్లు. కాగితం చదవడం వచ్చు, కానీ ముందు కాగితం ముట్టుకోడు. కాగితం సార్డీన్ చేపలు చుట్టుకోడానికి అంటాడు. ముందు చెవితో వినాలి, నచ్చాలి, ఆ తర్వాతే మిగిలినవన్నీ. ఆరు తలుపులు పడ్డ చప్పుడు వినిపిస్తే నన్నూ నా కంప్యూటర్‌నీ నాలుగో అంతస్తు మీంచి కిందికి విసిరేస్తాడు. అది తెలిసే, ప్రకటన రాకముందే, శీతాకాలమంతా కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్‌ని మోసం చేశాను.

అందులో కాగితం మీద కనిపించని వరస ఒకటి పెట్టుకోవచ్చు. వినిపిస్తుంది, అచ్చులో రాదు. ఆ దాచిన వరసలో ప్రతి మీటునీ ఆరు ముక్కలు చేశాను. మొదటి తీగ మోగాక సెకనులో వెయ్యో వంతులు ఆరు గడిచాక రెండోది, మరి కొన్ని గడిచాక మూడోది, అలాగ. వేళ్లు తీగల మీద జారే కిర్రుమనే శబ్దం కోసం గింజలు పోసి ఊపే వాయిద్యం శబ్దాన్ని బాగా తగ్గించి పెట్టాను. రచన ఆరు నిమిషాలు, మీట్లు నాలుగు వందల పన్నెండు. అయితే ఏ తీగకి ఎంత ఎడమివ్వాలో ఊహించి పెడితే, తాగినవాడు మెట్లు దిగినట్టుంది. కొలుచుకోడానికి అసలైన చెయ్యి ఒకటి కావాలి.

అప్పుడు మా జుబీదా అక్క పెళ్లికి ముందు జరిగిన గోరింటాకు వేడుక కేసెట్టు గుర్తొచ్చింది. అప్పట్లో మా ఊళ్లో ఆ వేడుకలు పట్టపగలే, తలుపులేసుకుని జరిగేవి. ఆడవాళ్లే, పాడేది ఆడవాళ్లే, వాయించేది ఆడవాళ్లే. ఆ కేసెట్టు మగవాళ్ల చెవిన పడకూడదు. అది ఎక్కడా రాసి ఉండదు, కానీ రాసి ఉన్న చట్టాలకన్నా గట్టిగా నడుస్తుంది. అందులో పాటల వెనకాల ఎవరో గిటార్ వాయిస్తున్నారు, ప్రాణం లేచొచ్చేలా. ఆ చేతిని నిదానం చేసి, కంప్యూటర్‌లో గీతలుగా చూసుకుని, తీగకీ తీగకీ మధ్య ఎంత ఎడముందో రాసుకున్నాను. ధ్వని తియ్యలేదు, లెక్క మాత్రమే తీశాను. కాబట్టి తప్పేం చెయ్యలేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఆఖరు రోజుకి ఐదు రోజుల ముందు, శనివారం సాయంత్రం మాస్టారింటికి వెళ్లాను. ఆయన భార్య సెత్తీ పిన్ని తలుపు తీసి, నా చేతిలో కంప్యూటర్ చూసి నవ్వింది.

"దాంతోనా వచ్చావు? లోపలికి రా, చూద్దాం ఏమంటారో."

మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని గోళ్లు అరగదీసుకుంటున్నాడు.

"ఆ డబ్బా ఎందుకమ్మాయ్?"

"నా రచన వినిపిద్దామని మాస్టారూ."

"డబ్బాలో ఉన్నది నేను తినను. వినను కూడా."

"వినండి, చెవులేం అరిగిపోవు," అంది పిన్ని వంటింట్లోంచి.

ప్లే నొక్కాను. ఆయన గోళ్ల ఆకురాయి పక్కన పెట్టాడు. కాసేపటికి కళ్లు మూసుకున్నాడు. ఆరు నిమిషాలూ కదల్లేదు. నా గుండె చప్పుడు ఆయనకి వినిపించి రచన పాడవుతుందేమో అని భయపడ్డాను. అయిపోయాక కళ్లు తెరిచి, "ఎవడు వాడు?" అన్నాడు.

"ఎవరు?"

"వాయించినవాడు. త్లెమ్సెన్ ఊరివాడైతే కాదు, వాళ్లకి బొటనవేలు ఇంత తేలిగ్గా ఉండదు. మస్తాగానెం వాడా? అక్కడివాడెవడూ నా దగ్గర నేర్చుకోలేదు, కానీ వాడి చేతిలో నా చెయ్యి ఉంది. ఇంకోటి కూడా ఉంది. ఆ మూడో తీగ దగ్గర చూశావా? రెండు తీగలు జారుకుంటూ వచ్చి, మూడోదాని గడప మీద నిలబడి, తలుపు తట్టి మరీ లోపలికి పోతాడు. నలభై ఏళ్లనుంచి ఆ ఆగడం కోసం చూస్తున్నాను నేను. నాకు రాలేదు."

వంటింట్లో పిన్ని చెంచాతో ఏదో కలుపుతోంది. ఆ చప్పుడు ఆగింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

"మరి వాయిస్తారా?" అన్నాను.

"నేనెందుకు వాయిస్తాను? వాడు వాయించేశాడుగా. మొదట ఎవడి చేతిలో మోగిందో పాట వాడిది. వాడు బతికుండగా ఇంకొకడికి కావాలంటే, చక్కెర దిమ్మ పట్టుకుని వాడి గుమ్మానికెళ్లి అడగాలి. మా షేఖ్, నా గురువు, నాకలా నేర్పాడు. అడక్కుండా ముట్టుకునే చెయ్యి నాకొద్దు. వాణ్ని చూపించు, ఇప్పుడే వెళ్లి అడుగుతాను."

ఎవరూ వాయించలేదనీ, అంతా కంప్యూటరేననీ చెప్పాను. నమ్మలేదు. డబ్బా తెరిచి దాచిన వరస చూపించాను. చీమల బారులా నల్లగా స్వరాలు. ఆ వరస ఆపేసి ఉత్త కాగితం మీదున్నది మాత్రం వినిపించాను. తలుపులు ఠపఠపా పడ్డాయి. మాస్టారు చెవిలో వేలు పెట్టుకున్నాడు. దాచిన వరస మళ్లీ కలిపాను, మళ్లీ గిటార్ అయింది. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. లఖ్దర్ మాస్టారు మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

"సరే. డబ్బాయే వాయించింది. డబ్బాకి చెయ్యెక్కడిది? కొలిచి పెట్టానన్నావు. ఎవర్ని కొలిచావు?"

దొంగకి తేలు కుట్టినట్టయింది నాకు. "ఏదో పాత రికార్డు మాస్టారూ. పేరు తెలీదు."

"తెలుసుకో. చెయ్యి ఎవరిదో పాట వాళ్లది. పేరు తీసుకురా, వెళ్లి అడుగుతాను, వాళ్లు సరేనంటే సంతకం పెడతాను. లేకపోతే లేదు."

మెట్లు దిగుతూ సాఫ్ట్‌వేర్ వాళ్లని పేరుపేరునా తిట్టుకున్నాను. ఒక్క బటన్ పెట్టి ఉంటే నాకీ పాట్లు లేవు. మరీ అసలుదానిలా ఉందని రచన తిరిగొచ్చిన మనిషిని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇంటికెళ్లి అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, నీ గోరింటాకు రోజున గిటార్ వాయించిందెవరే?"

"ఎందుకు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అడిగే రకమైతే నేను ఊరికే చెప్పేదాన్ని. ఆ కేసెట్టు నీ దగ్గరే ఉంది కదూ. మగాడెవడన్నా విన్నాడా?"

"వినలేదు. కొలతలు మాత్రం విన్నాడు."

"కొలతలు వినడమేంటే?"

చెప్పాను. అక్క అంతా విని, "అంటే కుస్‌కుస్ వండి పెట్టలేదు, అమ్మ చేతి కొలతలు మాత్రం రాసి ఊరంతా అంటించావు, అంతేగా," అంది. "ఎవడా మగాడు?"

"లఖ్దర్ మాస్టారు."

 అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"ఇంకెవడూ దొరకలేదే నీకు? అది సెత్తీ పిన్ని చెయ్యి. ఆయన పెళ్లామే. నీకప్పుడు ఏడేళ్లు, కేకుల బల్ల కింద పడి నిద్రపోయావు, నీకేం తెలుస్తుంది."

"మరి మాస్టారికి తెలీదా?"

"ఆయనకెలా తెలుస్తుంది? ఊళ్లో సగం మందికి తెలుసు. ఆ సగంలో మగాడొక్కడూ లేడు."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. పేరు చెప్తే సంతకం దొరుకుతుంది, కానీ ముప్ఫై ఏళ్లుగా ఇంతమంది ఆడవాళ్లు నోట్లో దాచుకున్న మాట నా నోట్లోంచి జారిపోతుంది. చెప్పకపోతే పద్నాలుగో రచన కూడా ఆ పదమూడింటి పక్కన పడుకుంటుంది. ఎటు చూసినా గొయ్యే. సోమవారం మాస్టారు డొమినోలు ఆడటానికి కాఫీ దుకాణానికి వెళ్లే టైము చూసుకుని పిన్ని దగ్గరికెళ్లాను.

నేను నోరు తెరిచేలోపే ఆమె, "మళ్లీ వినిపించు. మొన్న వంటింట్లోంచి సరిగ్గా వినపడలేదు," అంది.

ఆరు నిమిషాలూ చేతులు ఒళ్లో పెట్టుకుని వింది. కుడిచేతి వేళ్లు మాత్రం కొంగు మీద వాటంతటవే కదులుతున్నాయి.

"నేనే," అంది చివర్లో. "పాట నీది, బావుంది. చెయ్యి నాది."

"పిన్నీ, నాకు నిజంగా తెలీదు. తెలిస్తే..."

"తెలిస్తే కొలిచేదానివి కాదా?"

అబద్ధం ఆడలేకపోయాను. "కొలిచేదాన్నే."

ఆమెకి ఆ జవాబు నచ్చినట్టుంది, కాఫీ పోసింది. తర్వాత తానే చెప్పింది. "ఆయన ఏడాదిలో ఆర్నెల్లు ఫ్రాన్స్‌లో, మర్సేలో వాయించేవారు. ఇంట్లో ఉన్న ఆర్నెల్లూ ఈ గోడకి అటు సాధన చేసేవారు, నేను ఇటు ఉల్లిపాయలు తరిగేదాన్ని. చెవులు మూసుకుని ఉల్లిపాయలు తరగలేం కదా. పాత గిటార్ ఒకటి మేకుకి వేలాడుతూ ఉండేది. ఒకసారి ఆయన వెళ్లాక దించాను. పేరంటాల బృందంలో వయొలిన్ ఆమెకి జబ్బు చేస్తే నన్ను పిలిచారు. నాలుగేళ్లు వాయించాను. వేళ్ల కొసల్లో కాయలు కాస్తే కుట్టుపని అని చెప్పాను. ఆయన జాలిపడి మర్సే నుంచి సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే వెండి అంగుస్తానా తెచ్చారు."

"ఎందుకు మానేశారు?"

"మోకాళ్లు. ఆరేసి గంటలు నేల మీద కూర్చోవాలి. పెద్ద కథేం లేదు." కాఫీ కప్పు పక్కకి జరిపింది. "మానేసిన రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. ఆయన పంటినొప్పి అనుకుని లవంగం తెచ్చిచ్చారు."

"మాస్టారు మెచ్చుకున్నది ఆ మూడో తీగ దగ్గర ఆగడం పిన్నీ. నలభై ఏళ్లుగా రాలేదట ఆయనకి."

పిన్ని పకపకా నవ్వింది. "అదా? ఆ పాత గిటార్‌కి మూడో తీగని బిగించే బిరడ వదులు. గట్టిగా తగిలితే శ్రుతి దిగిపోయేది. అందుకని దాని దగ్గరికొచ్చేసరికి కాస్త చూసుకుని వెళ్లేదాన్ని. తర్వాత అలవాటైపోయింది. నువ్వు ఆ వదులు బిరడని నాలుగు వందలసార్లు కొలిచి పెట్టావు."

"నాలుగు వందల పన్నెండు," అన్నాను నీరసంగా.

"బుధవారం రా. ఆయనకి నేనే చెప్తాను. నువ్వు చెప్పకు, ఇంకెవర్నీ చెప్పనివ్వకు. ఇన్నాళ్లూ దాచింది నేను, తీసేది కూడా నేనే."

బుధవారం నాలుగింటికి వెళ్లేసరికి మాస్టారు ఉత్సాహంగా ఉన్నాడు. "పేరు దొరికిందట, మీ పిన్ని చెప్పింది. అడ్రస్ ఎక్కడ?"

పిన్ని మడిచిన చీటీ ఒకటి ఆయన చేతిలో పెట్టింది. కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాడు. వీధి పేరు, ఇంటి నంబరు, నాలుగో అంతస్తు, ఎడమ తలుపు.

"ఇది మనిల్లు."

"అవును."

"మనింట్లో గిటార్ వాయించేది నేనొక్కణ్నే."

 పిన్ని ఆయన పక్కనున్న గిటార్ తీసుకుంది, కుర్చీ అంచున కూర్చుంది, ఒక్కటంటే ఒక్క మీటు మీటింది. రెండు తీగలు జారి, మూడోదాని దగ్గర చెయ్యి ఆగి, అప్పుడు మిగిలినవి మోగాయి. గిటార్ మళ్లీ ఆయన పక్కనే పెట్టేసింది.

మాస్టారు ఆమె మొహం చూడలేదు, వేళ్లు చూశాడు.

"కుట్టుపని అన్నావు."

"కుట్టాను కూడా. మీ గుండీలు ఎవరు కుట్టారు?"

"ఎన్నాళ్లు?"

"నాలుగేళ్లు. వారానికి రెండు, వేసవిలో మూడు."

"ఎవరెవరికి తెలుసు?"

"ఆడవాళ్లకి."

"ఏ ఆడవాళ్లకి?"

"అందరికీ."

ఆయన లేచి, కోటు తీసుకుని, తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. మెట్ల మీద అడుగులు కిందిదాకా వినిపించాయి.  రేపు గురువారం. సంతకం పోతే పోయింది, ఒక ఇల్లు కూల్చానేమో అనిపించింది. పిన్ని పండక్కి చేసే తియ్యటి మోనా రొట్టె కోసి నా ముందు పెట్టింది.

"తిను."

"పిన్నీ, నా వల్ల మీ కాపురం..."

"ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం. మీటుకి పడిపోయేదైతే ఎప్పుడో పడిపోయేది," అంది. కానీ రొట్టె ముక్కలు వంకర టింకరగా తెగాయి, రెండుసార్లు కిటికీ దగ్గరికెళ్లి కిందికి చూసింది.

రెండు గంటలు గడిచాయి. నేను లేవాలో కూర్చోవాలో తెలీక కూర్చున్నాను. అప్పుడెవరో తలుపు తట్టారు. పిన్ని వెళ్లి తీసింది. ఎదురుగా మాస్టారు. జేబులో తాళంచెవి పెట్టుకుని సొంతింటి తలుపు తట్టాడు. మంగలి దగ్గరికెళ్లి నున్నగా గడ్డం చేయించుకున్నాడు, జుట్టు కత్తిరించుకున్నాడు. చేతిలో నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ.

గడప దాటలేదు. తల కొంచెం వంచాడు. "ఈ ఇంటి మాల్మాకి సలాం. మీ చేతిలో మోగిన పాట ఒకటుంది. దాన్ని నా చేతికి ఇమ్మని అడగడానికొచ్చాను."

పనిలో ఆరితేరిన పెద్దావిడని మాల్మా అంటాం. భర్త భార్యని పిలిచే మాట కాదు. మర్యాదగా మీరు అని కూడా అన్నాడు. నేను కుర్చీలో కుంచించుకుపోయాను, కానీ చూపు తిప్పుకోలేకపోయాను.

"నిలబడండి. ఆలోచించుకోనివ్వండి," అంది పిన్ని.

నిలబడ్డాడు. ఎదురింటి తలుపు ఓరగా తెరుచుకుంది, అందులోంచి ఒక ముక్కు కనిపించింది.

"మూడు షరతులు," అంది చివరికి. "నాలా వాయించాలి, మీలా కాదు."

"ఒప్పుకున్నాను."

"నా పేరు ఎక్కడా చెప్పకూడదు. థియేటర్‌లో గానీ, డొమినోల దగ్గర గానీ."

"అది... సరే. ఒప్పుకున్నాను."

"నేను ఆ డబ్బాలోంచి విని నేర్చుకుంటాను. మీరు నా దగ్గర విని నేర్చుకుంటారు. నేను గోడకి ఇటు వాయిస్తుంటే మీరు వంటింట్లో ఉల్లిపాయలు తరగాలి."

మాస్టారు నావైపు చూశాడు, సాయం అడుగుతున్నట్టు. నేను మోనా రొట్టె వైపు చూశాను.

"ఎన్ని ఉల్లిపాయలు?" అన్నాడు.

చక్కెర దిమ్మ పిన్ని అందుకుంది. అప్పుడు మాస్టారు గడప దాటి లోపలికొచ్చి, నా దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. గురువారం పొద్దున థియేటర్ తలుపులు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

తర్వాత మూడు వారాలు నేను సాయంత్రం అటు వెళ్లినప్పుడల్లా మెట్ల మీదికే తగువు వినిపించేది. "తొందరెందుకండీ, ఆ తీగేం పారిపోదు." "నేను తొందరపడలేదు, నీ చెయ్యే నిద్రపోతోంది." "ఉల్లిపాయలు సన్నగా తరగండి ముందు." మాస్టారికి ఏళ్లుగా రానిది మొదటివారం రాలేదు, రెండోవారం రాలేదు. ఆగితే లెక్కపెట్టి ఆగినట్టుండేది. వదులు బిరడ సంగతి ఆయనకి చెప్పాలా వద్దా అని పిన్నిని అడిగాను. వద్దంది. "చెప్తే బిరడ వదులు చేసుకుంటారు. వదులు బిరడతో ఎవరైనా ఆగుతారు. గట్టి బిరడతో ఆగమను," అంది.

కచేరీ శనివారం మధ్యాహ్నం నాలుగింటికి. హాలు నిండింది. నేనూ సెత్తీ పిన్నీ ఐదో వరసలో కూర్చున్నాం. జుబీదా అక్క తన వీధి ఆడవాళ్లందర్నీ పోగేసుకుని వచ్చింది, వాళ్లు వాళ్ల అమ్మల్నీ అత్తల్నీ తెచ్చుకున్నారు. పిన్ని చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు సూటిగా ముందుకి చూస్తోంది. రచన బఖ్తా, గిటార్ లఖ్దర్ అని ప్రకటించారు. ఇంకేమీ చెప్పలేదు. మాస్టారు వచ్చి కూర్చుని, శ్రుతి చూసుకుని, చెయ్యెత్తాడు.

మొదటి మీటు. రెండు తీగలు జారాయి. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది. లెక్కపెట్టి ఆగలేదు, ఊరికే ఆగింది, ఎప్పట్నుంచో అక్కడ ఆగడం అలవాటున్నట్టు.

వెనక వరసల్లో ఎక్కడో ఒక ముసలమ్మ నాలుకాడించి జగారీత్ తీసింది. పెళ్లిళ్లలో మా ఆడవాళ్లు తీసే ఆ పొడుగాటి కేక.  తర్వాత బాల్కనీలోంచి ఇంకొకామె. తర్వాత మా అక్క. తర్వాత ఎవరు ఎక్కడో తెలీలేదు. యాభై ఏళ్లవాళ్లు, అరవై ఏళ్లవాళ్లు, చేతికర్రలతో వచ్చినవాళ్లు, ఎవరెవరి గోరింటాకు రోజున ఆ చెయ్యి మోగిందో వాళ్లందరూ గుర్తుపట్టారు. మగవాళ్లు అటూ ఇటూ చూస్తున్నారు. నా పక్కనున్నాయన వంగి, "పెళ్లెవరిదమ్మా?" అని అడిగాడు.

"నాకు తెలీదండీ," అన్నాను.

ఆ కేకలు నా రచనకి కావు. ఆ మాట నాకు బాగా తెలుసు. మొదటి వరస కూడా పూర్తిగా వినలేదెవరూ. కోపం రావాలి, నాకు మామూలుగా అంతకన్నా చిన్నవాటికే వస్తుంది. రాలేదు. ఏడుపొచ్చింది.

మాస్టారు తీగల మీద అరచెయ్యి పరిచి, తలెత్తి హాలు చూశాడు. ఎంతమందికి తెలుసో ఆయనకి ఇప్పుడు తెలిసింది. కోపగించుకోలేదు. ఐదో వరసవైపు తిరిగి తల వంచాడు, నవ్వుతున్నాడు. కేకలు సద్దుమణిగేదాకా ఆగి, నా పాట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

పిన్ని ఇంకా ముందుకే చూస్తోంది. నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు నలిగేంత గట్టిగా. రెండోసారి ఆయన చెయ్యి మూడో తీగ దగ్గర ఆగినప్పుడు నేనూ జగారీత్ తీశాను. నాకది సరిగ్గా రాదు.